ఏ అలవాటూ లేదు సార్

లింబాద్రిని ఒమన్‌లో సహం అనే ఊరి పక్కనున్న లేబర్ క్యాంపు నుంచి తీసుకొచ్చేటప్పటికి నాలుక కొరుక్కుని ఉన్నాడు. చొక్కా ముందుభాగమంతా రక్తం. ఎమర్జెన్సీలో ఫిట్స్ ఆపారు. తల స్కానింగ్ చేశారు. వెన్నులోంచి నీరు తీశారు. ఇంతవరకూ తేడా ఏమీ కనిపించలేదు. మనిషి మాత్రం గోడతో మాట్లాడుతున్నాడు. ఏమీ దొరకని మనిషిని మా వార్డుకు పంపుతారు. ఎక్కడైనా అంతే.

నేను మానసిక వార్డులో నర్సుని. బిళ్ళలు పంచిపెట్టే పని కాదు నాది. కొత్త రోగిని ముందు చూసేది నేను. కథంతా అడిగి, పరీక్షించి, జబ్బు ఏమై ఉంటుందో, ఏ మందు మొదలుపెట్టాలో రాసేది నేను. డాక్టర్ జాహిదా చదివి ఒప్పుకుంటే సంతకం పెడతారు. ఒప్పుకోకపోతే కొట్లాడతారు. ఊళ్ళో జిల్లా పరిషత్ బడిలో చదివి, ఎర్రగడ్డలో పని నేర్చుకుని ఇక్కడికి వచ్చాను. పిచ్చివాళ్ళ మధ్య పని కష్టం కాదా అని అడుగుతారు. కాదు. వాళ్ళు అబద్ధం చెప్పరు. వాళ్ళ వెంట వచ్చేవాళ్ళు చెప్తారు.

లింబాద్రి వెంట వచ్చినవాడు మల్లేశం. నా భార్య గంగామణి తమ్ముడు.

మల్లేశం ఈ తీరంలోనే ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టీల్ ఫోర్‌మన్. మా ఇద్దరి మధ్య దూరం కారులో అరగంట. గంగామణి చనిపోయి దినాలైన తర్వాత వాడి మొహం చూడలేదు. చూడకూడదనే అనుకున్నాను. వార్డు తలుపు దగ్గర నన్ను చూసి హెల్మెట్ చంకలోకి మార్చుకున్నాడు.

"నమస్తె బావా."

"ఈ పిల్లగాడు నీకేమైతడు?"

"మన పక్కూరోడే. రూమ్‌ల మాతోనే ఉంటడు. కొత్తగ వచ్చిండు, రెండు నెల్లాయె."

"ఎట్ల మొదలైంది?"

"మొన్న సంది నిద్ర లేదు. చెమటలు. నిన్న సైట్ల రాడ్ల మీద పాములున్నయని ఉరికిండు. ఇయ్యాల ఫిట్స్."

"తాగుతడా?"

"ఛీ ఛీ. ఈడ ఏడ దొరుకుతది బావా!"

"ఈడ కాదు. ఊర్ల?"

వాడు నేల చూశాడు. బొటనవేలి గోరు గీకాడు.

"ఏ అలవాటూ లేదు సార్," అన్నాడు.

బావా అని పిలిచేవాడు ఆ ఒక్క ప్రశ్నకు సార్ అన్నాడు. ఆ మాట నా కోసం పుట్టింది కాదు. ఇంతకు ముందు ఇంకొకరికి చెప్పి అరిగిన మాట.

మా దిక్కు సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఆర్మూర్ చుట్టుపక్కల పల్లెల్లో పొద్దుగూకితే కల్లు దుకాణం. మగవాళ్ళూ ఆడవాళ్ళూ తాగుతారు. బీడీలు చుట్టి నడుములు పట్టేసిన ఆడవాళ్ళు ఒక సీసా తాగి పడుకుంటారు. ఎవరూ దాచరు, ఎవరూ తప్పనుకోరు. కానీ ఉన్న నాలుగు ఈత చెట్లకు ఊరంతటికీ సరిపోయే కల్లు ఎక్కడిది? నీళ్ళలో నిద్రమందు పొడి కలుపుతారు. అది రోజూ లోపలికి పోతే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆగితే వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్. మా దిక్కు నుంచి కొత్తగా వచ్చిన కూలీలు మొదటి వారంలోనే ఇలా పడిపోవడం నేను చూశాను, డాక్టర్ జాహిదా చూశారు. మళ్ళీ అదే రకం మందు సరిపడా ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తే బతుకుతారు. లేకపోతే కొందరు పోతారు.

"ఇది కల్లు కేసే," అన్నాను ఆమెతో.

ఆమె ఉర్దూలో మాట్లాడతారు, నేను నిజామాబాద్ హిందీలో. ఇన్నేళ్ళుగా అలాగే నడుస్తోంది.

"వచ్చి రెండు నెలలైందన్నావు. కల్లు రెండు నెలల క్రితం ఆగితే ఫిట్స్ ఇప్పుడెందుకు వస్తాయి?"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

"మెదడు వాపు కావచ్చు. వెన్ను నీటి రిపోర్టు పూర్తిగా రాలేదు. ఎమర్జెన్సీలో ఇప్పటికే నిద్రమందు ఇచ్చారు, కాబట్టి మూత్రంలో దొరికినా అది మనదో వాడిదో తెలియదు. మెదడు వాపున్నవాడికి నువ్వు అడిగే మోతాదు ఇస్తే ఊపిరి ఆగుతుంది. ఊహ మీద ఇవ్వను, భూమయ్యా. ఒక్క నిజం తీసుకురా. ఏం తాగాడు, ఎంత, ఎప్పుడు ఆగింది."

ఆమె చెప్పింది సరైనదే. కోపం ఆమె మీద రాలేదు.

లింబాద్రి మంచం దగ్గరికి వెళ్ళాను. నాడి పరుగెత్తుతోంది. ఒళ్ళు కాలుతోంది. కళ్ళు నన్ను దాటి ఎక్కడో ఉన్నాయి.

"లింబాద్రీ, ఎక్కడున్నవ్?"

"మూడో స్లాబ్ మీద."

"ఏం గావాలె నీకు?"

"లబన్."

ఒమన్‌లో మజ్జిగను లబన్ అంటారు. ఏ చిన్న కొట్లోనైనా దొరుకుతుంది, కూలీలంతా తాగుతారు. వార్డు ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి గ్లాసులో పోసి, తల లేపి పట్టుకున్నాను. ఒక గుక్క తాగి దుప్పటి మీద ఉమ్మేశాడు.

"ఇది కాదు. చేదు లేదు ఇందుల. మల్లేశం కాక పోసేది తే."

గ్లాసు బల్ల మీద పెట్టాను. మా దిక్కు చిన్నాన్నను కాక అంటారు. మల్లేశం కోసం బయటికి నడిచాను.

మల్లేశం బయట ఏసీ మిషన్ల వెనక, నీడ ఉన్నచోట గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన జావెద్ నిలబడి ఉన్నాడు. జావెద్ కంపెనీలో వీసాలు, కాగితాలు చూసేవాడు. నన్ను చూడగానే ఎదురొచ్చాడు.

"భాయ్, పాగల్ హై యా నహీ? ఒక్క మాట చెప్పు. పాగల్ అని కాగితం ఇస్తే రేపు టికెట్ తీస్తా. మాకూ తలనొప్పి వదులుతుంది."

"చచ్చేలా ఉన్నాడు."

"తౌబా! చస్తే ఇంకా ఎక్కువ కాగితాలు!"

వాడిని లోపల ఏసీలో కూర్చోమని పంపించాను. పోయాడు. కాగితాలు తక్కువయ్యే దారి ఏదైనా వాడికి సమ్మతమే.

"లబన్‌ల ఏం కలిపినవ్ రా?" అన్నాను మల్లేశంతో.

"ఏం లబన్?"

"వాడు అడుగుతున్నడు. నీ లబన్ చేదుంటదట."

"పిచ్చి లేసినోడు ఏమన్న అంటడు బావా. లబన్ అందరం తాగుతం. నేను గూడ తాగుత. నాకు లేసిందా పిచ్చి?"

"నీకు లేవదు. నీ పక్కలున్నోళ్ళు సస్తరు."

వాడు తలెత్తాడు. మొదటిసారి కళ్ళలోకి చూశాడు.

"అనుకున్న ఈ మాట అంటవని. అక్కను నేను సంపిన్నా? గర్భసంచి ఆపరేషన్ నేను జేసిన్నా? నువ్వేడున్నవ్ అప్పుడు? ఈడ తలుపులు పెట్టుకొని పరాయోళ్ళ పిచ్చి కుదురుస్తున్నవ్."

"నేనేడున్ననో నీకెరికె. ఫోన్ల నేనేం జెప్పిన్నో గూడ ఎరికె."

వాడు మళ్ళీ నేల చూశాడు.

మా వార్డులో ఫోన్లు లోపలికి తీసుకుపోకూడదు. లాకర్లో పెట్టాలి. ఆ రోజు డ్యూటీ దిగి ఫోన్ తీస్తే చిన్నవ్వ, నా అత్త, చేసిన ఫోన్లే ఫోన్లు. ఆపరేషన్ అయిన గంగామణి పిచ్చి మాటలు మాట్లాడుతోందని, ఒళ్ళు వణుకుతోందని, గాలి సోకిందని. గంగామణి బీడీలు చుట్టేది. సాయంత్రం ఒక సీసా తాగేది. పెళ్ళైన నాటి నుంచి నేను చూస్తున్నదే. ఆపరేషన్ కోసం దవాఖానలో పడుకుంది, సీసా ఆగింది. అంతే. రిపోర్టులు చదవాల్సిన పని లేదు, తెలిసిపోయింది. సెలవు మీద ఊళ్ళో ఉన్న మల్లేశానికి ఫోన్ చేశాను. "మీ అక్క రోజూ కల్లు తాగుతదని డాక్టరుకు చెప్పు. ఇప్పుడే చెప్పు," అన్నాను. లైన్లోనే ఉన్నాను. కొంచెంసేపు ఆగి వచ్చి, "చెప్పిన బావా," అన్నాడు.

చెప్పలేదు. నేను ఊరు చేరేసరికి గంగామణి కాలిపోయింది. దవాఖానకు వెళ్ళి డాక్టరును పట్టుకున్నాను. నా కొడుకు వయసువాడు. ఏడుపు మొహం పెట్టాడు. "రెండుసార్లు అడిగానండీ. తాగుతుందా, మందులేమన్నా వాడుతుందా అని. ఏ అలవాటూ లేదు సార్ అన్నాడు మీ బామ్మర్ది." ఆనాడు డాక్టరు వేరే పేషెంట్ల దగ్గరికి పోగానే దయ్యం వదిలించేవాడినెవడినో వేపమండలతో లోపలికి తెచ్చారట. మండలతో కొట్టిన మచ్చలతోనే పోయిందట.

"అప్పుడు ఎందుకు చెప్పలే రా?" అన్నాను. ఇన్నాళ్ళూ అడగని ప్రశ్న. అడిగితే సమాధానం వినాల్సి వస్తుందని అడగలేదు.

"ఇజ్జత్ బావా," అన్నాడు మల్లేశం.

"ఏం ఇజ్జత్?"

"ఊర్లయితే అందరికెరికె. పట్నం డాక్టరు, చుట్టు సిస్టర్లు, పక్క మంచాలోళ్ళు. అందరు ఇంటుండగ, మా అక్క రోజు తాగుతదని ఎట్ల చెప్పాలె? ఏమనుకుంటరు ఆడిమనిషిని?"

"ఇప్పుడు సచ్చిందని అనుకుంటున్నరు."

వాడు హెల్మెట్ అందుకున్నాడు.

"ఇక్కడ ఏం ఇజ్జత్ పోతది? లింబాద్రి మొగోడు."

"ఇజ్జత్ కాదు. జైలు," అన్నాడు. ఆ మాట నోరు జారి వచ్చింది. వెంటనే లేచాడు. "నాకేమెరిక లేదు బావా. నన్ను ఇడిసిపెట్టు. డ్యూటీకి పోవాలె."

చొక్కా పట్టుకున్నాను. వాడు నాకంటే బలంగా ఉంటాడు. జీవితమంతా ఇనుము మోశాడు. అయినా విడిపించుకోలేదు. పిచ్చివాళ్ళను పట్టుకునే పట్టు ఒకటుంది, అది నాకు వచ్చు. వార్డు దాకా లాక్కొచ్చాను. రోగి గదుల తలుపులకు చిన్న అద్దాలుంటాయి. లింబాద్రి గది అద్దానికి వాడి మొహం ఆనించాను.

"చూడు."

"బావా, ఇడువు."

"వాడి చేతులు చూడు."

లింబాద్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి గాలిలో లేని తీగను లాగుతోంది, రెండో చెయ్యి లేని రాడ్డు చుట్టూ దాన్ని తిప్పుతోంది. మెలి. లాగుడు. ఇంకో మెలి. ఒకటయ్యాక పక్కకు జరిగి ఇంకో ముడి. సైట్‌లో పొద్దంతా చేసే పని. మైకంలో ఉన్న మనిషికి పేరు గుర్తుండదు, పని గుర్తుంటుంది. చేతులు చేసుకుంటూ పోతాయి.

మల్లేశం అద్దం మీద అరచెయ్యి పెట్టాడు.

గంగామణి దినాల నాడు ఈ మల్లేశమే పదిమందిలో కూర్చుని చెప్పాడు. అక్క సచ్చేముందు గూడ గాలిల బీడీలు చుట్టింది, ఆకు తీసింది, తంబాకు పోసింది, దారం కట్టింది, కట్టలు పక్కకు పేర్చింది అని. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఎంత కష్టజీవి అన్నారు. అందులో కష్టం లేదు. అది జబ్బు. దానికి మందు ఆ దవాఖాన కిందనే మెడికల్ షాపులో ఉంది.

"అక్క గూడ ఇట్లనే," అన్నాడు మల్లేశం.

"ఇట్లనే."

"ఇట్లనే చేతులు..."

"మళ్ళీ ఫిట్స్ వస్తే ఈసారి ఆగవు. నేను చెప్తే డాక్టరమ్మ నమ్మదు. అనుమానమంటది. నువ్వు చెప్పాలె. పోతవా, రాడ్లు కట్టుడు అయిపోయేదాక చూస్తవా?"

అద్దం మీద వాడి ఊపిరి మసకగా పట్టింది. తుడిచి మళ్ళీ చూశాడు. తర్వాత తనంతట తనే డాక్టరు గది వైపు నడిచాడు. నేను వెనక నడిచాను, పారిపోతే పట్టుకోవడానికి.

డాక్టర్ జాహిదా ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు. వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాడు. "మేడం, ఉస్కో మై పిలాయా." వాడికి తాగించింది నేనేనని. తర్వాత తెలుగులోకి దిగాడు. నేను ఆమెకు హిందీలో చెప్తూ పోయాను.

వాళ్ళ రూమ్‌లో అదొక రివాజట. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడు కల్లు లేక వారంలో పడిపోతాడు. కంపెనీ పిచ్చివాడని వెనక్కి పంపుతుంది. అప్పు మీద వచ్చినవాడు ఉరి వేసుకుంటాడు. అందుకని సెలవు మీద పోయినవాడెవడైనా కల్లు దుకాణం వాడి దగ్గరే ఆ పొడి కొని, బియ్యప్పిండి పొట్లంలో కలిపి తెస్తాడు. కొత్తవాడికి రోజూ సాయంత్రం లబన్‌లో వేసి ఇస్తారు. మొదట గట్టి చిటికెడు. తర్వాత తక్కువ. ఇంకా తక్కువ. రెండు మూడు నెలలకు మాన్పిస్తారు. చిటికె కొలిచేది మల్లేశం.

"చానా మందిని గట్లనే మాన్పిచ్చిన," అన్నాడు. అది చెప్పేటప్పుడు కూడా గొంతులో కొంచెం గర్వముంది. "ఎవ్వడు సావలే."

"మరి లింబాద్రి?" అన్నాను.

"వీడు ఊర్ల ఎక్కువ తాగెటోడు. చిటికె తగ్గిస్తే వణికెటోడు. తగ్గియ్యలేకపోయిన. మొన్న క్యాంపుల చెకింగ్ వచ్చింది. రూమ్‌లు ఎతుకుతున్రు. భయమై పొట్లం మొత్తం లెట్రిన్ల పోసి నీళ్ళు కొట్టిన. ఆనాటి సంది లేదు."

"దవాఖానకు ఎందుకు తేలేదు మొదలే?" అని ఆమె అడిగారు.

"తెస్తే పిచ్చోడని రాసి పంపుతరు గద మేడం. ముందుగాల నలుగురిని పంపిన్రు. ఈ దవాఖాన నుంచే." నా వైపు చూశాడు. "బావ వార్డు నుంచే."

అది నిజమే. ఆ నలుగురి వెంట వచ్చినవాళ్ళు కూడా ఏ అలవాటూ లేదు సార్ అనే అన్నారు.

డాక్టర్ జాహిదా తిట్టలేదు. పొడి ఎంత, ఎలాంటిది, సీసాకు ఎంత మత్తు అని అడిగి రాసుకున్నారు. మోతాదు చెప్పారు. నేను సూది తీశాను. ఆమె పక్కనే నిలబడి లింబాద్రి ఊపిరి చూస్తూ ఉన్నారు. సరిపోలేదు. ఇంకొంచెం ఎక్కించాం. గాలిలో తీగ లాగుతున్న చెయ్యి నెమ్మదించింది. ఒక మెలి సగంలో ఆగింది. చెయ్యి ఒళ్ళో పడింది. నిద్రపోయాడు.

ఫిట్స్ మళ్ళీ రాలేదు. వెన్ను నీటి రిపోర్టు వచ్చింది, మెదడు వాపు లేదు. కొన్ని రోజులకు నా పేరు అడిగాడు, తన పేరు చెప్పాడు, ఏ దేశంలో ఉన్నాడో చెప్పాడు. రొట్టె తిన్నాడు. జావెద్ వచ్చి పాగల్ కాదని కాగితం తీసుకుని, పాగల్ అన్న కాగితం అయితే పని త్వరగా అయ్యేదని గొణుక్కుంటూ పోయాడు.

మల్లేశం సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. క్యాంపులో ఆ సంగతి తెలియనివాడు లేడు, కాబట్టి కంపెనీకీ తెలిసింది. పోలీసుల దాకా పోతే కంపెనీకే తలనొప్పి. వీసా క్యాన్సిల్ చేసి టికెట్ చేతిలో పెట్టారు.

"నీ బావమరిది ధైర్యం ఉన్నవాడు," అన్నారు డాక్టర్ జాహిదా. "మంచి మనిషి. తన పని పోతుందని తెలిసీ చెప్పాడు. ఒక ప్రాణం కాపాడాడు."

 ఆమెకు గంగామణి సంగతి తెలియదు. చెప్తే నన్ను కూడా ఒక రోగిని చూసినట్టు చూస్తారు.

వెళ్ళే ముందు మల్లేశం వచ్చాడు. నేను డ్యూటీ ఎక్కబోతున్నాను. లాకర్ల గది బయట నిలబడ్డాడు. చేతిలో ఖర్జూరాల డబ్బా, చిన్నవ్వ కోసం.

"పోతున్న బావా."

"పో."

"నౌకరి పోయింది. మళ్ళ గల్ఫ్ ముఖం చూస్తనో లేదో." డబ్బా ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "పోరడు బతికిండు గద. ఇప్పుడన్న మాఫ్ చెయ్యవా?"

"ఇన్నాళ్ళు ఏమనుకున్నవ్ రా? చెప్పినా అక్క బతకకపోవునేమో అనుకున్నవ్ గదా. దాని నొసట గట్లనే రాసుంది అనుకున్నవ్."

"అనుకున్న."

"నేను గూడ అనుకున్న. ఎన్నో పొద్దులు గట్లనే అనుకొని అన్నం తిన్న. ఇగ తినరాదు. ఒక్క మాట చెప్తే మనిషి బతుకుతడని నువ్వే చూపిచ్చినవ్. వాడు సచ్చుంటే మాఫ్ చేద్దునేమో."

వాడి మొహం వాళ్ళ నాన్న, మా మామ, చచ్చిపోయిన నాటి మొహంలా అయింది. అప్పుడు వాడు చిన్నవాడు. గంగామణి వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. అది గుర్తొచ్చింది. వచ్చినా ఏమీ మారలేదు.

"అవ్వకు ఏం చెప్పాలె?" అన్నాడు.

"గాలి సోకి సచ్చిందని ఇప్పటికీ అమావాస్య అమావాస్యకు దిగదుడుస్తున్నది గదా. గాలి కాదని చెప్పు. నువ్వు డాక్టరుకు ఏం చెప్పినవో అది చెప్పు."

"తట్టుకోదు బావా. సచ్చిపోతది."

"చెప్తే సావరు. చూసినవ్ గద."

ఫోన్ లాకర్లో పెట్టి తాళం వేశాను. వాడు అక్కడే ఉన్నాడో పోయాడో చూడలేదు. వార్డు తలుపు నా వెనక మూసుకుంది.

లింబాద్రి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. బిళ్ళ, నీళ్ళు ఇచ్చాను. రోజురోజుకూ చిన్నదవుతున్న బిళ్ళ అది.

"కాక పోయిండా సారూ?"

"పోయిండు."

"నా కోసం పని పోగొట్టుకున్నడట. దేవుడసోంటోడు సారూ మా కాక."

"నోరు తెరువు," అన్నాను.

తెరిచాడు. ఇక్కడ మందు ఇచ్చాక నోరు చూడాలి. కొందరు దవడలో దాచుకుంటారు. నాలుక పైకి లేపమన్నాను, లేపాడు. బిళ్ళ మింగాడు. నాలుక మీద కొరుక్కున్న గాటు మానుతోంది.